బయటికి తెరుచుకునే తలుపు

జూన్ 4

నాన్నా,

ఈ ఇంట్లో నేను నోరు తెరవకముందే నా మాటకి అర్థం సిద్ధంగా ఉంటుంది. ఊరుకుంటే పొగరు. మాట్లాడితే తగువు. వదిన వైపు ఒక్క మాట అన్నానా, వర్క్‌షాపులో నాకూ వాటా కావాలన్న దుర్బుద్ధి. ఈ చివరిది అమ్మ కనిపెట్టింది, అన్నయ్య ఔనన్నాడు. పోయిన ఉత్తరంలో నువ్వు కూడా "అన్నతో పోటీ ఎందుకమ్మా, వాడు నీకు నా తర్వాత నా అంతటివాడు" అని రాశావంటే అది నీ దాకా చేరిందన్నమాట. వర్క్‌షాపు నాకెందుకు నాన్నా? రంపపు పొట్టు ముక్కులోకి పోతే గంటసేపు తుమ్ముతాను. చిన్నప్పుడు నీ పక్కన కూర్చుని మేకులు కొట్టానంటే అది నీ మీద ఇష్టం కొద్దీ, బల్ల మీద ఇష్టంతో కాదు.

ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. ఆసుపత్రి కట్టే ఆ ఊళ్ళో నీ పక్కన రంపం మిషనూ, చెవులు రిక్కించుకున్న పదిమంది పనివాళ్ళూ. నా పక్కన అమ్మ. అందుకే లారీ బాబాయ్ చేతికి ఇస్తున్నాను. చెక్కల లోడుతో పాటు నా గోల కూడా దింపుకో.

వదిన తన గదిలో పడుకోవడం మానేసింది. వర్క్‌షాపు వెనక నువ్వు పలకలు ఆరబెట్టే గది ఉంది చూడు, పలకలన్నీ ఒక గోడకి జరిపి అక్కడ మడతమంచం వేసుకుంది. నడుం నొప్పి అని చెప్పింది. అమ్మ నమ్మలేదు. "నడుం నొప్పి ఉన్నవాళ్ళు పరుపు వదిలి ఇనపమంచం ఎక్కుతారటే? మొగుణ్ణి కాళ్ళబేరానికి రప్పించుకోవాలని ఎత్తు" అని పక్కింటావిడకి కూడా వినపడేలా అంది. వదిన వింటూనే దుప్పటి దులిపి మడతమంచం మీద పరిచింది. కళ్ళద్దాల షాపులో రోజంతా వచ్చినవాళ్ళందరి కళ్ళలోకీ చూసే మనిషి, ఇంటికొచ్చాక ఎవరి కళ్ళలోకీ చూడటం లేదు.

ఆ గదికి లోపల గడియ లేదు. ఒకటి బిగించాలి. ఎంత పెద్ద గడియ, ఎంత పొడుగు స్క్రూలు, ద్వారబంధంలో ఎంత లోతు తొలవాలి, రాయి. నేనే బిగిస్తాను. అన్నయ్యని అడగను. ఎందుకు అడగవు అంటే, ఇదిగో ఇక్కడే కలం ఆగిపోయింది. నీకు రాయలేని మాట నాన్నా. ఆడవాళ్ళ సంగతి అనుకో. వదిన పరిస్థితి బాగాలేదు. ఆ గదిలో తలుపు వేసుకుని, ఒక్కతే పడుకోగలగాలి. ఇంతకంటే ఎక్కువ రాయించకు, నువ్వే అర్థం చేసుకో.

లారీ వెనక్కి వచ్చేటప్పుడు జవాబు పంపు.

నీ వడ్రంగిపిట్ట


జూన్ 11

అమ్మా పిట్టా,

వడ్రంగిపిట్ట అని నీకు పేరు పెట్టిన పాపానికి ముందు నా నెత్తే పొడుస్తున్నావు. సరే, వాటా మాట వెనక్కి తీసుకున్నాను. కోపం తగ్గించుకో.

ఇక్కడ ఆసుపత్రి పని సాగుతూనే ఉంది. తలుపులు బిగించి బిగించి, కళ్ళు మూసుకున్నా తలుపులే కనిపిస్తున్నాయి. మా ఇంజనీరు కుర్రాడు ప్లానులో తలుపు ఎటు తెరుచుకోవాలో గీయడం మరిచిపోయి, "మీ ఇష్టం మేస్త్రీ" అన్నాడు. "రోగి మంచం వచ్చి నీ మోకాలికి తగిలినప్పుడు తెలుస్తుంది బాబూ ఎవరి ఇష్టమో" అన్నాను. వంటవాడు రోజూ అడుగంటిస్తున్నాడు. అడిగితే పొగ వాసన ఒంటికి మంచిదంటాడు.

గడియకి వద్దాం. అరచేయంత పొడుగున్నది చాలు, లావుది తీసుకో. స్క్రూ పెట్టే చోట ముందు సన్నగా తొలువు, లేకపోతే ఆ పాత చెక్క చీలిపోతుంది. స్క్రూకి కాస్త సబ్బు రాసి తిప్పు. ద్వారబంధంలో నీ బొటనవేలి గోరు మునిగేంత లోతు. తొందరపడకు, తొందర నీ జబ్బు.

కోడలి సంగతి చదివి మనసు పాడైంది. ఆడవాళ్ళ సంగతి అన్నావు కాబట్టి గుచ్చి అడగను. ఒంట్లోదో, మనసులోదో. కానీ దిగులుగా ఉన్న మనిషిని గడియ వేసుకుని ఒంటరిగా పడుకోనివ్వడం మంచిదేనా? పోయిన నెల ఇక్కడ మా షెడ్డు కాపలాదారు స్నానాలగదిలో గడియ వేసుకుని పడిపోయాడు. తలుపు పగలగొట్టేసరికి మనిషి దక్కలేదు. ఆ తలుపు నేను బిగించిందే. మరీ గట్టిగా బిగించాను.

అందుకని గడియ వెయ్యి, వద్దనను. ఆ పిల్లకి ఏమైనా అయితే ఏం చెయ్యాలో మీ అన్నయ్యకి తెలిసి ఉండాలి. ఆ సంగతి నేను మాట్లాడతాలే. అమ్మతో పేచీ పెట్టుకోకు. ఆవిడ నోరు అంతే, లోపల ఏమీ ఉండదు.

నాన్న


జూన్ 19

నాన్నా,

గడియ పడింది! ఒక స్క్రూ వంకర పోయింది, నీకు కనిపిస్తే తీయించి మళ్ళీ వేయిస్తావు, అందుకని చెప్పడం మానేద్దామనుకున్నాను. సబ్బు చిట్కా బాగా పనిచేసింది.

అమ్మ ఆ రోజంతా గిన్నెలతో మాట్లాడింది. సాయంత్రం నాతో. "ఏమే, ఏడాదిలో నాలుగు ఉద్యోగాలు మార్చినదానివి, ఒక్కచోట కాలు నిలవదు, మొగుడూ పెళ్ళాల మధ్య దూరి గడియలు బిగిస్తావా? రేపు నీకు పెళ్ళయితే నీ గదికి ఎవరొచ్చి బిగిస్తారు?" అంది. "నేనే బిగించుకుంటానమ్మా, ఇప్పుడు పని వచ్చుగా" అన్నాను. చేతిలో గరిటె ఉంది కాబట్టి కాస్త దూరంగానే నిలబడి అన్నాను.

అన్నయ్య రాద్ధాంతం చేస్తాడనుకున్నాను. చెయ్యలేదు. తలుపు ముందు నిలబడి కాసేపు చూసి, "ఏంటే మేస్త్రీ, కూలి ఎంత?" అని నవ్వాడు. నిన్నయితే తనే నూనె డబ్బా తెచ్చి ఆ తలుపు మడతబందులకి నూనె వేశాడు. కిర్రుమని చప్పుడైతే వదినకి నిద్ర చెడుతుందట. అమ్మ మురిసిపోయింది. "చూశావా, నా కొడుకు మనసు వెన్న" అంది. నాకూ కాస్త అనిపించింది నాన్నా, నిజం చెప్తున్నాను. మారుతున్నాడేమో అనిపించింది.

గడియ పడిన మర్నాడు వదిన పొద్దెక్కేదాకా నిద్రపోయింది. లేచి వచ్చి, జుట్టంతా పక్షిగూడులా ఉంటే అలాగే కుర్చీలో కూర్చుని, "నిద్ర అంటే ఇలా ఉంటుందా, మరిచేపోయాను" అంది. ఆ రోజు షాపుకి పాడుకుంటూ వెళ్ళింది. పాడిందంటే పాట బాగుందని కాదు. గొంతు మన గేటు లాంటిది.

ఇంకొక సంగతి. నువ్వు అనుకుంటున్న జబ్బు కాదు నాన్నా. వదినకి మూర్ఛా లేదు, దిగులూ లేదు. అసలు జబ్బు వదినది కాదు. అన్నయ్యకి కొన్ని మాటలు వినపడవు. వద్దు అన్న మాట అసలే వినపడదు. ఇంత మటుకు రాయగలిగాను, ఈసారికి ఇది చాలు.

ఉంటాను. కొరియర్ ఆఫీసులో పార్సిళ్ళు కొండలా పేరుకున్నాయి, మా మేనేజరు నా వీపు వైపే చూస్తున్నాడు.

పిట్ట


జూన్ 25

పిట్టా,

గడియ బిగించావని షెడ్డులో అందరికీ చెప్పాను. వంకర స్క్రూ సంగతి చెప్పలేదు. ఇక్కడి కుర్రాళ్ళకి సబ్బు రాయమని ఏడాదిగా చెప్తున్నా తలకెక్కడం లేదు.

జబ్బు వదినది కాదంటావు, మరెవరిది? సగం చెప్పి సగం మింగితే నాకేం బోధపడుతుంది? మీ అన్నయ్యకి వినపడటం లేదంటే చెవి డాక్టరుకి చూపించమను. చిత్రిక మిషన్ దగ్గర దూది పెట్టుకోరా అంటే పెట్టుకోడు. రేపు నాలా అవుతాడు. వదిన చెప్పినా వినకపోతే అది చెవిటితనం కాదు, వయసు. ఇద్దరూ చిన్నవాళ్ళు, సర్దుకుంటారు.

ఇక గడియ గురించి నువ్వు బెంగపెట్టుకోకు. ఫోన్‌లో వాడికి అంతా వివరంగా చెప్పాను. ఆ పలకల గది తలుపు బయటికి తెరుచుకుంటుంది కదా, లోపల పలకలు అడ్డొస్తాయని నేనే అలా పెట్టాను. అలాంటి తలుపుకి బందులు బయటే ఉంటాయి. లోపల ఎంత లావు గడియ వేసుకున్నా సరే, బందుల రెండు రేకులనీ కలిపి పట్టే ఇనప సీలలు కింద నుంచి తట్టి పైకి లాగేస్తే, తలుపు ఆ పక్క నుంచి చేతికి వచ్చేస్తుంది. ఒక పెచ్చు లేవదు, ఒక గీత పడదు. సీలలు పాతవి, పట్టేసి ఉంటాయి, అందుకని ముందే నూనె వేసి ఉంచరా అన్నాను. వేశాడని నువ్వే రాశావు. అదన్నమాట నూనె సంగతి.

ఎంత శ్రద్ధగా అడిగాడనుకున్నావు! సీల తల నలగకుండా ఎలా తట్టాలి, సుత్తికి గుడ్డ చుట్టాలా, చప్పుడు ఎంత వస్తుంది, మళ్ళీ బిగిస్తే ఎవరికైనా తేడా తెలుస్తుందా. "నేను నేర్పిన చెయ్యి అయితే తెలియదురా" అన్నాను. పెళ్ళాం మీద అంత ఆపేక్ష ఉన్నవాడి మీద నాకు పితూరీలు రాస్తావేంటే పిచ్చిపిల్లా?

ఇప్పుడు కోడలు లోపల పడిపోయినా భయం లేదు. నేనూ హాయిగా నిద్రపోతాను.

నాన్న


జూలై 2

నాన్నా,

నీ ఉత్తరం సోమవారం అందింది. ఆదివారమే అయిపోయింది.

ఆడవాళ్ళ సంగతి అని ఇంక రాయను. అన్నయ్య వదినని బలవంతం చేస్తున్నాడు. వద్దంటున్నా, ఏడుస్తున్నా, చేతులు విరిచిపట్టి. పెళ్ళయిన దగ్గర్నుంచీ. పరాయివాడు చేస్తే దాన్ని ఏమంటామో అదే. అత్యాచారం. కన్నతండ్రికి ఈ మాట రాయడమేంటని నా చెయ్యి నన్నే అడుగుతోంది. రాశాను. చదువు.

ఆదివారం మధ్యాహ్నం వదిన షాపుకి సెలవు. అన్నం తిని, గడియ వేసుకుని ఆ గదిలో పడుకుంది. పార్సిళ్ళ రద్దీకి నన్ను ఆదివారమూ రమ్మన్నారు, ఆఫీసు నుంచి వచ్చేసరికి వర్క్‌షాపులో చిత్రిక మిషన్ తిరుగుతోంది. కింద చెక్క లేదు. వట్టినే తిరుగుతోంది. అమ్మ వంటింట్లో కూరగాయలు తరుగుతూ, "వాడు పనిలో ఉన్నాడు, కదపకు" అంది. చప్పుడు వినపడుతోంది కాబట్టి పనిలో ఉన్నాడనుకుంది. ఆ చప్పుడు అందుకే పెట్టాడు.

నేను వెనక్కి వెళ్ళాను. అన్నయ్య పలకల గది తలుపు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని కింది బందులో సీల దింపుతున్నాడు. సుత్తికి గుడ్డ చుట్టి ఉంది. "బందులు వదులయ్యాయే, సరిచేస్తున్నా" అన్నాడు. నేను నమ్మాను. ఎందుకు నమ్మానో తెలుసా నాన్నా? ఆ ముఖం నీది. పని కుదిరినప్పుడు నీ ముఖం ఎలా ఉంటుందో అలాగే ఉంది. చివరిసారి వేలితో తడిమి, తల పక్కకి వంచి చూసుకుని, లేచి వెళ్ళిపోయాడు.

తలుపు తోశాను. రాలేదు. లాగాను. రాలేదు. లోపల గడియ వేసే ఉంది. వదిన లేచి వచ్చి ఆ గడియ తీసి నాకు తలుపు తెరిచింది.

ఇంకోసారి చదువు నాన్నా. గడియ వేసే ఉంది. అతను లోపలికి వెళ్ళాడు, వచ్చాడు, తలుపు బిగించాడు. గడియ మాత్రం నేను బిగించిన చోట బిగించినట్టే ఉంది.

వదిన నన్ను చూసి మొదట అన్న మాట, "ఆ మిషన్ ఆపు." ఆపి వచ్చాను. "నీ గడియ తప్పేమీ లేదు" అంది. నాకు ఓదార్పు చెప్తోంది! మంచం అంచున కూర్చుని, రెండు మణికట్లూ ఒడిలో పెట్టుకుని, వాటిని ఎవరివో అన్నట్టు చూసుకుంది. "నేను వద్దంటే మీ అన్నయ్యకి అది చెక్కలో ముడి లాంటిది. ఇంకాస్త బలం పెట్టాలంతే" అంది.

సోమవారం పొద్దున నీ ఉత్తరం చదివాక నాకు నూనె అర్థమైంది. వీధిలో, లారీ పక్కన నిలబడి చదివాను. లారీ బాబాయ్ "ఏమ్మా, నాన్న క్షేమమేనా?" అని అడిగాడు. ఏం చెప్పానో గుర్తులేదు.

ఆ మధ్యాహ్నం వదినని తీసుకుని పోలీస్ స్టేషన్‌కి వెళ్ళాను. అక్కడి మేడమ్ మర్యాదగానే ఉంది, కుర్చీ చూపించింది, మంచినీళ్ళు తెప్పించింది. వదిన చెప్పడం మొదలుపెట్టగానే వేగంగా రాసుకుంది. "వాడెవడు, తెలిసినవాడేనా?" అంది. "నా భర్త" అంది వదిన. మేడమ్ కలానికి మూత పెట్టింది.

"భర్తకి ఆ మాట వర్తించదమ్మా. చట్టంలో లేదు. కొట్టాడా? కొడితే చెప్పు, అది రాస్తాను."

"కొట్టలేదు. చేతులు పట్టుకున్నాడు."

"తలుపు పగలగొట్టాడా?"

"లేదు. విప్పాడు."

"విప్పడమేంటి?"

నేను చెప్పాను. బందులు, సీలలు, అన్నీ. పక్క బల్ల దగ్గరున్నాయన నవ్వాపుకోలేకపోయాడు. "తలుపు పగలగొట్టినవాణ్ణి చూశాం, తాళం తీసినవాణ్ణి చూశాం. ఊడదీసి మళ్ళీ బిగించి పోయినవాణ్ణి ఇప్పుడే వింటున్నాం మేడమ్!" మేడమ్ ఆయన్ని కసిరింది. కానీ మాతో, "గడియ బాగుంది, తలుపు బాగుంది, ఇల్లు ఆయనది. ఆవిడే తీసిందని ఆయన అంటే నేనేం రాయను? ఇంటికెళ్ళి పెద్దవాళ్ళతో మాట్లాడించుకోండి" అంది.

పెద్దవాళ్ళు! ఇంటికొస్తే అమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. స్టేషన్ సంగతి అప్పటికే తెలిసిపోయింది. "మొగుడి మీద కేసా? వాడేమైనా వీధిలోవాడా?" అని వదిన మీదకి వచ్చింది. తర్వాత నా వైపు తిరిగి గొంతు తగ్గించి ఇంకో మాట అంది. "మా రోజుల్లో గడియలు బిగించేవాళ్ళు లేరు. నేను వద్దన్న రోజులు లేవనుకున్నావా? మీ నాన్నని అడుగు. చచ్చానా? మిమ్మల్ని కనలేదా?"

ఇది నీకు రాయాలా అని చాలాసేపు ఆలోచించాను. రాశాను.

నాన్నా, వదిన మాటకి ఎదురుగా అన్నయ్య మాట ఉంది. తలుపు ఎలా తీయాలో అతను అడిగాడనీ, నువ్వు చెప్పావనీ తెలిసినవాడివి నువ్వొక్కడివే. నువ్వు రావాలి. వచ్చి ఆ ఒక్క మాట చెప్పాలి.

ఈ లారీ వెనక్కి వచ్చేటప్పుడే జవాబు పంపు.


జూలై 8

నాన్నా,

లారీ బాబాయ్ వట్టి చేతులతో వచ్చాడు. "ఉత్తరం ఇచ్చానమ్మా, చదివాడు. లోడు దింపేదాకా పలకల మీద అలాగే కూర్చున్నాడు. టీ ఇస్తే పుచ్చుకుని, చల్లారాక నాకే ఇచ్చేశాడు" అన్నాడు.

వదిన వెళ్ళిపోయింది. షాపు ఓనరమ్మ మేడ మీద ఒక గది ఇచ్చింది. వెళ్ళేటప్పుడు అన్నయ్య గేటు దగ్గర నిలబడి నలుగురూ వినేలా, "తలుపు తనే తీసింది. ఇదంతా నా చెల్లెలి నాటకం. వర్క్‌షాపులో వాటా కోసం నా కాపురం కూలుస్తోంది" అన్నాడు. పక్కింటావిడ తలూపింది. అమ్మ ఇన్నాళ్ళూ ఆవిడకి చెప్పింది అదే కదా. ఇప్పుడు నేను ఏం చెప్పినా వాటా కోసం చెప్పినట్టే.

మేం ఒక లాయరమ్మ దగ్గరికి వెళ్ళాం. చిన్న గది, ఫైళ్ళ మధ్య ఆవిడ తల మాత్రమే కనిపిస్తుంది. ఆ మాట కింద ఇక్కడ కేసు నిలవదని ఆవిడా చెప్పింది. కానీ ఇంట్లో జరిగిన హింస అని దరఖాస్తు పెట్టొచ్చు, అతన్ని వదిన దగ్గరికి రాకుండా ఆపించొచ్చు. దానికి జడ్జి ముందు జరిగింది జరిగినట్టు చెప్పాలి. "అతను గడియ ఉన్న తలుపు ఊడదీసి లోపలికి వెళ్ళాడని నమ్మించగలిగితే, ఆవిడ ఒప్పుకుని తీసిందన్న మాట పడిపోతుంది. ఆ తలుపు సంగతి చెప్పేవాళ్ళు ఉన్నారా?" అని అడిగింది. ఉన్నారని చెప్పి నీ ఉత్తరం చూపించాను. కాగితం ఒక్కటే చాలదు, రాసిన మనిషి వచ్చి చెప్పాలంది.

దరఖాస్తు పెట్టాం, పదిహేడో తారీకు శుక్రవారం కోర్టుకి పిలిచారు.

నువ్వు వస్తావు కదా?


జూలై 11

అమ్మా,

నీ రెండు ఉత్తరాలూ ఎదురుగా ఉన్నాయి. మొదటిది చదివిన రోజు ఒక తలుపు తలకిందులుగా బిగించాను. ఇంజనీరు కుర్రాడు వచ్చి "మేస్త్రీ, ఏంటిది?" అంటే గానీ నాకు కనపడలేదు.

వాడు అలాంటివాడు కాడు అని రాయబోయాను. రాయలేకపోయాను. ఫోన్‌లో వాడు అడిగినవి ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. చప్పుడు ఎంత వస్తుంది అని అడిగాడు. మనిషి స్పృహ తప్పి పడి ఉంటే చప్పుడుతో పనేముంది? నాకు ఆ రోజు తట్టలేదు. మళ్ళీ బిగిస్తే తేడా తెలుస్తుందా అని అడిగాడు. ప్రాణం మీదకి వచ్చినప్పుడు ఎవడికి కావాలి తేడా? అదీ తట్టలేదు. ఎవరో నన్ను పని గురించి అడిగితే నాకు ఒళ్ళు తెలియదు, చెప్పుకుంటూ పోతాను. కొడుకు అడిగాడు, చెప్పాను.

మీ అమ్మ అన్న మాట చదివాను. దాని గురించి ఏమీ రాయను.

నేను వస్తాను. వచ్చి ఆ తలుపు తీసేసి లోపలికి తెరుచుకునేలా మారుస్తాను. అప్పుడు బందులు లోపలికి పోతాయి. సీలల తలలు కొట్టి మూసేస్తాను, ఇక ఏ మొనగాడూ లాగలేడు. పలకలు వేరే చోట పెట్టుకుందాం. వాడి చెంప వాచేలా కొడతాను. కోడలి కాళ్ళు పట్టుకుంటాను, పెద్దవాణ్ణన్న మాటే చూసుకోను. ఆ పిల్లని ఇంటికి తీసుకురా.

కానీ జడ్జి ముందు నిలబడి, ఇది వాడికి నేను నేర్పాను అని చెప్పమనకు. నలభై ఏళ్ళుగా నేను పెట్టిన తలుపుల వెనక ఎంతమంది నమ్మి నిద్రపోయారు. రేపు ఈ మాట బయటికి పోతే నన్ను ఏ గుమ్మం ఎక్కనిస్తారు? బయటి నుంచి ఎలా ఊడదీయాలో ఇతనికి తెలుసు, కొడుక్కి నేర్పాడు, ఆ కొడుకు ఇలా చేశాడు అంటారు. ఆసుపత్రి పని కూడా పోతుంది. వాడు జైలుకి పోతే పోనీ అనడానికి నాకు నోరు రావడం లేదు, వాణ్ణి భుజం మీద మోశాను.

నువ్వు చూసింది నువ్వు చెప్పు, నేను అడ్డు రాను. తలుపు తీయడం వాడికి ఎలా తెలిసిందంటే, మేస్త్రీ కొడుకు కదా, తెలియదా అను. అది అబద్ధం కాదు. ఫోన్ మాట ఒక్కటి వదిలెయ్యి. నాకోసం ఈ ఒక్కటీ చెయ్యి తల్లీ.

నాన్న


జూలై 14

నాన్నా,

తలుపు మార్చక్కర్లేదు. ఆ గదిలో ఇప్పుడు ఎవరూ లేరు. పలకలు మళ్ళీ మధ్యకి జరిపేశాడు అన్నయ్య.

వదిన తిరిగి రాదు. నిన్న వాళ్ళ మేడ మీదకి వెళ్ళాను. గదిలో సగం అద్దాల డబ్బాలే. తనకి తలుపు వైపు తల పెట్టి పడుకోవడం అలవాటైపోయింది. బందులు ఎటువైపు ఉన్నాయో చూసి గానీ పడుకోవడం లేదట. నాకు కళ్ళు పరీక్ష చేసింది. అన్ని అక్షరాలూ చదివేస్తే, "దూరంవి బాగానే కనపడుతున్నాయి నీకు. ఇంట్లోవే ఆలస్యంగా కనపడ్డాయి మన ఇద్దరికీ" అంది. తర్వాత ఇద్దరం నవ్వాం. నవ్వాక తను చేతులు చూసుకుంది.

నీ ఉత్తరం తనకి చదివి వినిపించాను. దాచలేదు. నువ్వు తన కాళ్ళు పట్టుకుంటానన్న చోట ఆపమంది. "కాళ్ళు పట్టుకోవడం నాకెందుకు? మామయ్య నోరు కావాలి" అంది. అంతకుమించి నిన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

మేస్త్రీ కొడుక్కి తెలియదా అనమన్నావు. లాయరమ్మ అప్పుడే చెప్పింది, అలా అంటే వాళ్ళ లాయరు ఒక్క ప్రశ్న వేస్తాడట: తెలిసినంత మాత్రాన చేశాడా? ఆ తలుపుకే నూనె వేయించింది ఎవరు, ఆ గదికే ఎలా ఊడదీయాలో అడిగింది ఎవరు, వదిన అక్కడ పడుకోవడం మొదలుపెట్టాకే ఎందుకు అడిగాడు, ఇవన్నీ నీ ఫోన్ మాటలోనే ఉన్నాయి. అది వదిలేస్తే మిగిలేది వంకర స్క్రూ ఉన్న ఒక గడియ, వాటా కోసం ఏడుస్తున్న ఒక చెల్లెలు.

నువ్వు చెడు ఉద్దేశంతో చెప్పలేదని నాకు తెలుసు. కాపలాదారు సంగతి కూడా చెప్తాను. నీ మంచితనం ఎంతవరకు ఉందో అంతవరకూ చెప్తాను. నలభై ఏళ్ళుగా జనం నీ తలుపుల వెనక నిద్రపోయారని రాశావు. మన ఇంట్లో ఒక మనిషి నిద్రపోలేదు. ఇద్దరేమో కూడా. అమ్మ ఈ మధ్య నాతో మాట్లాడటం లేదు. కానీ నిన్న బట్టలు మడతపెడుతూ, తల ఎత్తకుండా, "శుక్రవారం ఎన్ని గంటలకే?" అని అడిగింది. పదింటికి అన్నాను. ఎందుకు అడిగిందో నాకు తెలియదు.

అన్నయ్య నన్ను ఇంట్లోంచి పొమ్మన్నాడు. బట్టలు సర్దుకున్నాను. వదిన గదిలో ఇంకో మంచం పడుతుంది, అద్దాల డబ్బాలు కాస్త పైకి పేరిస్తే. ఇక ఉత్తరాలు షాపు చిరునామాకి పంపు.

శుక్రవారం వదినతో వెళ్తున్నాను. అన్నయ్య తలుపు బిగిస్తుంటే చూశానని చెప్తాను. లోపల గడియ వేసే ఉందని చెప్తాను. ఆ పని అతనికి ఎవరు చెప్పారని అడుగుతారు. మా నాన్న అని చెప్తాను.